ఖర్చు వ్రాసితిమి, జమ మరచితిమి: కుటుంబ విద్యకొక చిట్టా



పిల్లల చదువును గురించి ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయుమని సంఘము పెద్దలు అడిగినప్పుడు కొంత వెనుకాడితిని. నా బడి చదువు హైస్కూలుతో ముగిసినది. ఆ తరువాత చదివినదంతయు బళ్ళారిలో మా అంగడి గద్దెమీదనే. అయినను బడి బయట, ఇంటిలోను, దారిలోను, పిల్లలతో కూడ నేను నేర్చుకొన్న పాఠమొకటి కలదు. అది జమాఖర్చుల పాఠమే గనుక, వర్తకులకు వర్తకుడు చెప్పుట తప్పుకాదని తలచి మొదలుపెట్టుచున్నాను.

పాత చిట్టా

మా నాయనగారు 1981లో మమ్ములనందరిని శ్రవణబెళగొళకు తీసికొనిపోయిరి. గంగరాజుల మంత్రి చావుండరాయుడు గోమటేశ్వరుని విగ్రహము చెక్కించి వేయి సంవత్సరములైన సందర్భమున ఆ యేడు ఫిబ్రవరి నెలలో మహామస్తకాభిషేకము జరిగినది. నాకప్పుడు పదేండ్లు. జనము, దుమ్ము, ఎండ, పైన ఎక్కడనో పాలధారలు; నాకు జ్ఞాపకమున్నది ఇంతే.

2015లో నాయనగారు కాలము చేసిరి. కర్మలు ముగిసిన తరువాత పాత దస్తరములు సర్దుచుండగా ఆ సంవత్సరపు చిట్టా చేతికి వచ్చినది. ఆత్రముగా ఫిబ్రవరి పుటలు తిప్పితిని. పైసలతో సహా అన్నియు ఉన్నవి. బస్సు చార్జీలు, అరటిపండ్లు, కొబ్బరికాయలు, ధర్మశాలకు ఇచ్చినది, దారిలో మజ్జిగ. చివరను “పిల్లవానికి రబ్బరు చెప్పులు జత 1” అని ఒక పద్దు. గుంపులో చెప్పులు పోగొట్టుకొన్న ఆ పిల్లవాడను నేనే.

ఆ పుటలను ఎన్నిమారులు తిరుగవేసినను నేను వెదకినది దొరకలేదు. కొండ ఎక్కి ఆ విగ్రహము ముందు నిలుచున్నప్పుడు మా నాయన ఏమి చూచిరో, ఏమి తలచిరో, మాకేమి చెప్పదలచిరో ఒక్క పంక్తి లేదు. ఆ యాత్రకైన ఖర్చు నలువది యేండ్లు దాటినను పైసలతో నిలిచియున్నది. ఆ యాత్రవలన వచ్చిన జమ మాత్రము ఆయనతోనే పోయినది.

మన ఇండ్లలో చాలవరకు ఇదే కథ. పిల్లలను ఊళ్ళు తిప్పుచున్నాము, టెలివిజను కొనిపెట్టుచున్నాము, సెలవులలో యాత్రలకు వేలు ఖర్చుపెట్టుచున్నాము. ఆ ఖర్చునకు లెక్క కలదు. దానివలన ఇంటికి ఏమి చేరినదో లెక్క లేదు. లెక్కలేని సరకు కొట్టులో నిలువదని మనకు తెలియును గదా!

టెలివిజను ముందు నేర్చినది, నేర్వనిది

కొందరు టెలివిజనును నిందింతురు. నేను నిందింపను. 1988లో శ్యామ్ బెనగల్ గారు నెహ్రూ గ్రంథము ఆధారముగా తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’ దూరదర్శన్‌లో 53 భాగములుగా వచ్చినప్పుడు మా వీధిలో టెలివిజను మూడే యిండ్లలో ఉండెను. మా నడవలో చాపలు పరచెడివారము. ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుండెడివారు. హిందీ పూర్తిగా తెలియనివారికి తెలిసినవారు మెల్లగా చెప్పుచుండిరి.

చాణక్య చంద్రగుప్తుల కథ వచ్చిన దినమున నాయనగారు ఒక మాటనిరి. “ఈ చంద్రగుప్తుడే కడపట రాజ్యం వదిలి, మనం చూసొచ్చిన బెళగొళలో చిన్నకొండ మీద సల్లేఖన చేసినాడు.” నేను పదునేడేండ్ల వాడను. ఆ మాట ఎక్కడిదని అడుగలేదు. “అట్లనా” అని లేచిపోయితిని. నాయనగారి యాత్రలోని జమలో నాకు దక్కినది ఆ ఒక్క మాటయే.

1990లలో ‘సురభి’ కార్యక్రమము వచ్చెడిది. దేశములోని శిల్పములు, వృత్తులు, పండుగలు చూపి చివరను ఒక ప్రశ్న అడిగెడివారు. జవాబు పోస్టుకార్డుపై పంపవలెను. దేశమంతట నుండి లక్షలకొలది కార్డులు పోవుచుండగా తపాలా శాఖవారు పదునైదు పైసల కార్డును అందుకు పనికిరాదని, పోటీల కొరకే రెండు రూపాయల కార్డు వేరుగా పెట్టిరి. మా అంగడి గుమాస్తా “గిరాకీ చూసి ధర పెంచినారు!” అని నవ్వెను. మాకు బహుమానము ఎన్నడును రాలేదు. కాని ఆ జవాబు కొరకు మేము అట్లాసు తీసితిమి, గ్రంథాలయమునకు పోతిమి, బడిపంతులు గారిని అడిగితిమి. చూచుట పది నిమిషములు, వెదకుట వారము దినములు. విద్య ఆ వెదకుటలోనే ఉండెనని ఇప్పుడు తెలియుచున్నది.

ఇప్పుడు ప్రతివాని చేతను ఫోను ఉన్నది. వెదకుటకు వారము అక్కరలేదు. అందుచేతనే వెదకువారు తగ్గిరి. ఒకటి చూచి ముగియకమునుపే ఇంకొకటి వచ్చి మీద పడును. సరకు దిగుచునే ఉన్నది, తూకము వేయువారు లేరు.

హేమకూటముపై నా తప్పు

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. హంపి మాకు దగ్గర. చుట్టములు వచ్చినప్పుడెల్ల అక్కడకు తీసికొనిపోవుట అలవాటు. విరూపాక్షస్వామి గుడి ప్రక్క హేమకూటమను బండమీద మెట్లుమెట్లుగా లేచిన రాతి శిఖరములతో పాతగుళ్ళు కొన్ని కలవు. అవి జైన బసదులని నా చిన్నతనమున ఎవరో చెప్పగా వింటిని. నేనును ఇరువది యేండ్లపాటు చుట్టములకు, మిత్రులకు, నా పిల్లలకు అట్లే చెప్పితిని. చెప్పునప్పుడు నాకు కొంత గర్వముగా కూడ ఉండెడిది.

2016లో మా పెద్దవాడు తొమ్మిదవ తరగతి. పురావస్తు శాఖవారు హంపిమీద ప్రచురించిన చిన్న పుస్తకమొకటి కొనుక్కొని చేతబట్టుకొని వచ్చెను. నేను చుట్టములముందు యథాప్రకారముగా చెప్పుచుండగా వాడు నా చొక్కా పట్టి లాగెను.

“నాయనా, ఇవి మన గుళ్ళు కావంట. శిఖరం చూసి అట్లనుకునేవాళ్ళంట. ఇక్కడ శాసనం ఉంది. కంపిలిదేవుడు శివాలయం కట్టి మూడు లింగాలు పెట్టించినాడని రాసింది.”

నేను వానిని కసరితిని. “పెద్దవాళ్ళు చెప్పింది తప్పవుతుందా?” అంటిని. వాడు ఊరకుండెను. కాని నేను లోపలికి పోయి చూచితిని. మూడు గర్భగృహములు, త్రికూటము. విజయనగరము పుట్టకముందు, 14వ శతాబ్దపు మొదట కంపిలి రాజు తన పెద్దల పేర కట్టించిన శివాలయమది. నేను ఇరువది యేండ్లుగా పరుల సొత్తును మన ఖాతాలో జమకట్టుచుంటిని. అచౌర్యవ్రతము చెప్పుకొను ఇంటిలో ఇంతకన్న సిగ్గు ఉన్నదా?

తిరుగుదారిలో వాడే ఇంకొకటి చూపెను. కమలాపురమునుండి కంపిలి పోవు దారిలో ఒక గుడి కలదు. జనులు దానిని గాణిగిత్తి గుడి, అనగా గానుగదాని గుడి, అందురు. సరకు పనిమీద కంపిలికి పోవుచు నేను ఎన్ని వందల మారులు దాని ముందుగా పోయితినో! ఒక్కనాడును దిగలేదు. ఆ గుడి ముందు ఒంటిరాతి దీపస్తంభము, దానిపై సంస్కృత శాసనము. రెండవ హరిహరరాయల దండనాథుడు ఇరుగప్ప 1385లో కుంథు జిననాథునకు కట్టించిన చైత్యాలయమది. పరులది మనదని ఇరువది యేండ్లు చెప్పితిని. మనదైనదానిని ఇరువది యేండ్లు చూడకయే పోతిని.

ఆ యేడు సంవత్సరీ దినమున ఇంటిల్లపాదితో క్షమాపణ చెప్పుకొనునప్పుడు, ముందుగా పెద్దవానివైపు తిరిగి చేతులు జోడించితిని. “తెలియక తప్పు చెప్పినాను, తెలిసినాక నిన్ను కసిరినాను. మిచ్ఛామి దుక్కడం” అంటిని. వాడు తల వంచుకొనెను. మా అమ్మ కండ్లు తుడుచుకొనెను.

మూడు ఖాతాలు

ఆ రాత్రి కొత్త నోటుపుస్తకమొకటి తీసి గీతలు గీచితిమి. అప్పటినుండి మా ఇంటి ‘జ్ఞానచిట్టా’ నడచుచున్నది. దానిలో ఖాతాలు మూడు.

మొదటిది ‘కన్నది’. స్వయముగా కంటితో చూచినది, చేతితో కొలిచినది మాత్రమే దీనిలో చేరును.

రెండవది ‘చదివినది’. శాసనములో, మంచి గ్రంథములో చదివినది. ఎక్కడ చదివితిమో ప్రక్కన వ్రాయవలెను. వోచరు లేని పద్దు చెల్లదు.

మూడవది ‘విన్నది’. పెద్దలు చెప్పినది, గైడు చెప్పినది, టెలివిజను చెప్పినది, ఫోనులో వచ్చినది. ఎవరి సొమ్మో తేలనిదానిని మనము అంగడిలో అనామతు ఖాతాలో వేయుదుము గదా, ఇదియు అటువంటిదే. అనామతులో ఉన్నది అబద్ధము కాదు, తేలవలసియున్నది. ఋజువు దొరికిననాడు రెండవ ఖాతాకు మార్చవచ్చును. తప్పని తేలిననాడు కొట్టివేయవచ్చును. తేలకమునుపే లాభములో కలుపుకొనువాడు దివాలా తీయును.

అనేకాంతము, స్యాద్వాదము అని మునిమహారాజులు చెప్పునప్పుడు నాకు సగమే అర్థమగుచుండెను. ఏ వైపునుండి చూచి చెప్పుచున్నామో ఆ మాట కూడ చేర్చి చెప్పుమన్న ఉపదేశము, ఈ మూడు గీతలు గీచిన తరువాత, నా బుద్ధికి కొంచెము దగ్గరైనది.

బెళగొళలో కూతురి ప్రశ్న

2018లో మహామస్తకాభిషేకము మరల వచ్చినది. ఈ మారు మా కుటుంబము నోటుపుస్తకముతో పోయినది. రద్దీకి ముందే కొండ ఎక్కితిమి. విగ్రహము ఎత్తు సుమారు 58 అడుగులు అని నేను చెప్పగా, మా చిన్నది, అప్పటికి పదేండ్ల పిల్ల, “అది విన్నది ఖాతా” అని వ్రాసికొని, “ఆ పాదం వేలు నా కంటే ఎంత పెద్దదో అది కన్నది ఖాతా” అనెను.

ముందు చంద్రగిరి అను చిన్నకొండకు పోతిమి. మా నాయన మాట అక్కడ తూకమునకు వచ్చినది. ఆ కొండమీద క్రీ.శ. 600 ప్రాంతపు శాసనమొకటి కలదు. ఉజ్జయినిలో భద్రబాహుస్వామి పండ్రెండేండ్ల కరువును ముందుగా చెప్పగా సంఘము దక్షిణమునకు వచ్చెననియు, ప్రభాచంద్రుడను ఆచార్యుడు ఈ కొండపై సమాధి పొందెననియు దానిలో ఉన్నది. ఆ ప్రభాచంద్రుడే చంద్రగుప్త మౌర్యుడని మన సంప్రదాయము. తరువాతి శాసనములలో భద్రబాహు, చంద్రగుప్తుల పేర్లు జంటగా కనబడును. చంద్రగుప్త బసదిలోని జాలీ రాళ్ళమీద వారి కథయే చెక్కబడియున్నది. కాని చంద్రగుప్తుని కాలము క్రీ.పూ. 4వ శతాబ్దము; మొదటి శాసనమునకు, ఆయనకు నడుమ సుమారు తొమ్మిదివందల యేండ్లు.

నాయనగారి మాటను ఏ ఖాతాలో వ్రాయుటయని కలము పట్టుకొని చాలసేపు కూర్చుంటిని. ‘విన్నది’ అని వ్రాయుటకు చేయి రాలేదు. చిన్నది నా ముఖము చూచి, “విన్నది అంటే అబద్ధమని కాదు కదా నాయనా, ఇంకా తేలలేదని” అనెను. అప్పుడు వ్రాసితిని. నాయనగారు కోపగించియుండరనియే నా నమ్మకము. ఆయన బ్రతికినన్నాళ్ళు తేలని సొమ్మును తన ఖాతాలో వేసికొన్నవారు కారు.

పెద్దకొండమీద గోమటేశ్వరుని పాదములకడ చావుండరాయడు చేయించెనని మూడు భాషలలో చెక్కబడియున్నది: కన్నడము, తమిళము, మరాఠీ. చిన్నది మూడింటిని లెక్కించి అడిగెను. “మరి మన తెలుగు ఏది నాయనా?”

నాయొద్ద జవాబు లేదు. ఆ ప్రశ్న నన్ను ఊరక పట్టి వదలలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి, బళ్ళారి మైసూరులో చేరినది. అప్పటినుండి మా పిల్లలకు బడి కన్నడము, ఇంటిమాట తెలుగు, ప్రార్థన ప్రాకృతము. మా చిన్నదానికి అప్పటికి తెలుగు మాట వచ్చును గాని అక్షరములు రావు. తన భాషకు ఆ పాదములకడ చోటు లేదని అది అనుకొనిన, రేపు తెలుగు ఏలయని అడుగదా?

కురిక్యాల బండమీద జవాబు

జవాబు పెద్దవానికి ఒక పుస్తకములో దొరికినది. 2019 వేసవి సెలవులలో రైలులో హైదరాబాదు, అక్కడనుండి కరీంనగరు, ఆపైన గంగాధర మండలములోని కురిక్యాల పోయితిమి. ఊరి దగ్గర బొమ్మలగుట్ట కలదు. బండమీద తీర్థంకరుల ప్రతిమలు, చక్రేశ్వరీదేవి, క్రింద శాసనము. ఊరివారు ఆ దేవిని బొమ్మలమ్మ అందురు.

క్రీ.శ. 945 ప్రాంతమున దానిని వ్రాయించినవాడు జినవల్లభుడు. ఇతడెవరో తెలిసినప్పుడు మా చిన్నది ఎగిరి గంతువేసెను. బడిలో కన్నడ ఆదికవియని చదువుకొన్న పంపడు, 941లో ‘ఆదిపురాణము’ వ్రాసిన ఆ పంపడు, ఇతని అన్న. వేములవాడ చాళుక్యరాజు అరికేసరి ఆస్థానమున ఉండినవాడు. వారి పూర్వులది వేంగినాటి వంగిపర్రు. తల్లి అబ్బణబ్బ, తండ్రి భీమపయ్య అని ఆ శాసనమే చెప్పుచున్నది. జినవల్లభుడు ఇక్కడ జినబింబములను చెక్కించి, త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెరువును, మదనవిలాసమను తోటను ఏర్పరచెను.

ఆ శాసనము మూడు భాషలలో ఉన్నది: సంస్కృతము, కన్నడము, తెలుగు. తెలుగు భాగములో మూడు కందపద్యములు కలవు. తెలిసినంతవరకు మన భాషలో దొరికిన కందములలో అతిప్రాచీనములుగా వీనిని పండితులు లెక్కింతురు. నన్నయగారి భారతమునకు సుమారు నూరేండ్లు ముందు. గోమటేశ్వర విగ్రహమునకు సుమారు ముప్పదియైదేండ్లు ముందు. 2008లో తెలుగునకు ప్రాచీన భాషయను హోదా వచ్చినప్పుడు ఇటువంటి శాసనములే సాక్ష్యములైనవి.

చిన్నది బండముందు చాలసేపు నిలుచుండి, “బెళగొళలో మూడు భాషలు, ఇక్కడ మూడు భాషలు. ఇక్కడ మనది ఉంది” అనెను. లిపి ఆ కాలమున కన్నడమునకు, తెలుగునకు ఇంచుమించు ఒక్కటియే గనుక, కన్నడ బడి చదివిన ఆ పిల్ల కొన్ని అక్షరములను పోల్చుకొన ప్రయత్నించెను. ఒకే బండ, ఒకే కుటుంబము, మూడు భాషలు. మా ఇంటి పరిస్థితి వేయి యేండ్ల నాటిదేనని తెలిసి నాకును ధైర్యము కలిగినది. తిరిగి వచ్చిన వారమునకే చిన్నది పలక తెమ్మని మా అమ్మయొద్ద తెలుగు అ ఆలు దిద్దుట మొదలుపెట్టెను. నేను చెప్పి చేయింపలేని పని ఆ బండ చేయించినది. ఇది ‘కన్నది’ ఖాతాలో నేను వ్రాసికొన్న పెద్ద జమ.

దూరము పోనక్కరలేదు

ఇదంతయు ఖర్చుతో కూడినదని అనుకొనవలదు. మనలో విహారమను మాటకు మునుల పాదయాత్ర యని అర్థము. చాతుర్మాస్యము నాలుగు నెలలు ఒకచోట నిలిచి, తక్కిన ఎనిమిది నెలలు వారు నడచుచునే ఉందురు. నడచువానికి నేల కనబడును. మనము కారులో పోయినను, చూడదలచిన చోట దిగి నడువవచ్చును.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హొసపేట తుంగభద్ర ఆనకట్టలో 33 గేట్లకు గాను 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. టెలివిజనులో చూపినదే చూపుచుండిరి. మా చిన్నది అడిగెను: “ఒక్క గేటు పోతే అన్ని గేట్లు ఎందుకు తెరిచినారు?” ఒకచోటనే నీటి ఒత్తిడి పడకుండ, మట్టము తగ్గించుటకని జవాబు. ఆనకట్ట గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో వారము దినములలో ఉక్కు పలకలు దింపి నీటిని ఆపిరి. తరువాత ఒక ఆదివారము పోయి గట్టుమీద నిలిచి చూచితిమి. మొదట 133 టీఎంసీలు పట్టిన జలాశయము పూడికవలన తరువాతి సర్వేలో 105.788 టీఎంసీలకు తగ్గినదని చదివితిమి. చిన్నది లెక్కవేసి, “అయిదో వంతు సరకు మట్టి తినేసింది” అనెను. వార్త, ప్రశ్న, విహారము, లెక్క. బస్సు చార్జీ మాత్రమే ఖర్చు.

గుంతకల్లు దగ్గర కోనకొండ్ల మరియొకటి. అదియే కుందకుందాచార్యుల కొండకుందమని సంప్రదాయము. ‘సమయసారము’ వ్రాసిన ఆచార్యులు ఈ నేలవారని మన పెద్దలు చెప్పుదురు, ఇది ‘విన్నది’. ఊరికి కొండకుందె యను పాతపేరు శాసనములలో ఉన్నది; ఇది ‘చదివినది’. రససిద్ధుల గుట్టమీద తీర్థంకర ప్రతిమలున్నవి, ఇది ‘కన్నది’. ఒక్క ఊరిలో మూడు ఖాతాలును నిండినవి. ఉదయము బయలుదేరి సూర్యాస్తమయమునకు ముందే ఇంటికి చేరి భోజనము చేసితిమి.

ఇతర ప్రాంతములలోని మనవారికి కూడ దగ్గర చోట్లు లేకపోలేదు. తమిళనాటివారికి కంచి ప్రక్క తిరుప్పరుత్తికుండ్రము కలదు. హంపిలో గుడి కట్టించిన ఆ ఇరుగప్పయే అక్కడ 1387లో మండపము కట్టించెను. ఒడిశావారికి ఖారవేలుని హాథీగుంఫా శాసనము, మహారాష్ట్రమువారికి ఎల్లోరాలో 30 మొదలు 34 వరకు గుహలు కలవు. యానామువారికి గోదావరి అవతల అత్తిలి సీమ. తూర్పు చాళుక్య రాజు రెండవ అమ్మరాజు అక్కడి కలుచుంబర్రు గ్రామమును సర్వలోకాశ్రయ జినభవనమునకు దానమిచ్చిన శాసనము పుస్తకములలో దొరకును.

పద్ధతి

మేము అనుసరించు నియమములు ఇవి. ఎవరైనను చేయవచ్చును.

1. బయలుదేరుటకు ముందు ప్రతివారును ఒక్కొక్క ప్రశ్న వ్రాసికొనవలెను. ప్రశ్న లేనివాడు సంతకు సంచి లేక పోయినవానితో సమానము.

2. స్థలమునకు చేరిన తరువాత మొదటి అరగంట గైడు వలదు, ఫోను వలదు. కన్నులతో చూడవలెను, జానలతో కొలువవలెను.

3. శాసనముమీద సుద్ద, నూనె, కుంకుమ పూయరాదు, చేతితో రుద్దరాదు. రాయి అరిగిన, వోచరు పోయినట్లే.

4. టెలివిజనులో మంచి సంగతి చూచిన తరువాత పది నిమిషములు దానిని ఆపి, ఆ ఊరు పటములో ఎక్కడనో వెదకవలెను. వెదకువరకు అది ‘విన్నది’ ఖాతాయే.

5. ఇంటికి వచ్చిన రాత్రియే వ్రాయవలెను. చిన్నపిల్లలు చెప్పగా పెద్దలు వ్రాయవచ్చును. ముసలివారి మాటను తప్పక వ్రాయవలెను. వారి ఖాతా ఎప్పుడు మూతపడునో తెలియదు.

6. తప్పు తేలిన పద్దును చింపరాదు. అడ్డగీత గీచి, ప్రక్కన తేదీ, కారణము వ్రాయవలెను. హేమకూటపు పద్దు మా చిట్టాలో అట్లే ఉన్నది, నా సంతకముతో.

7. మహావీరస్వామి నిర్వాణదినమైన దీపావళికి మనము కొత్త చిట్టాలు తెరచునప్పుడు దీనిని కూడ ముందు పెట్టుకొని సంవత్సరపు నిల్వ తేల్చవలెను.

గత దీపావళినాడు మా నాయనగారి 1981 చిట్టాను కూడ గద్దెమీద పెట్టితిమి. చిన్నది ఆ ఫిబ్రవరి పుట తీసి, చెప్పుల పద్దు క్రింద మిగిలిన ఖాళీలో, ఇప్పుడు తనకు వచ్చిన తెలుగు అక్షరములతో ఇట్లు వ్రాసెను: “జమ: చంద్రగుప్తుని గురించి జేజినాయన చెప్పిన మాట ఒకటి. విన్నది ఖాతా. తేలవలసియున్నది.” నేను దానికి క్రింద తేదీ వేసితిని.

సోదరులారా, మీ ఇండ్లలో ఇంకను జమకాని మాటలు ఎన్ని ఉన్నవో! ముసలి తల్లిదండ్రులు కూర్చుండియున్నప్పుడే ఒక నోటుపుస్తకము కొని మూడు గీతలు గీయుడు. ఖర్చు స్వల్పము.

జై జినేంద్ర.